పన్నెండో సంతకం

ఆ సందులో ఆమెని అందరూ వదిన అనే పిలుస్తారు. పాలవాడికీ వదినే, పైపులు బాగుచేసేవాడికీ వదినే, తనకంటే పదేళ్ళు పెద్దదైన ఎదురింటి దర్జీ ఆవిడకీ వదినే. నిజానికి ఆమెని వదినా అని పిలవాల్సిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అతనికి మాట రాదు.

మరిదికి మూడేళ్ళప్పుడు జ్వరం వచ్చి చెవులు పోయాయి. అప్పుడప్పుడే పలుకుతున్న నాలుగు మాటలూ ఆ చెవుల వెంటే పోయాయి. బడిలో రెండో తరగతి దాకా వెనక బల్ల మీద కూర్చోబెట్టి, ఇక లాభం లేదని ఇంటికి పంపేశారు. వాళ్ళన్న మాత్రం ఊరుకోలేదు. తమ్ముడికోసం చేతులతో ఒక భాష కట్టుకొచ్చాడు. వదిన పందొమ్మిదేళ్ళకి ఆ ఇంటికి వచ్చేసరికి మరిదికి పదిహేను. ఆరు నెలలు తిరక్కుండానే ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఆ భాష నేర్చేసుకుంది. చేతులు ఖాళీ లేకపోతే గడ్డంతో, కనుబొమలతో చెప్పడం కూడా వచ్చేసింది. అన్న అంటే మీసం మెలేయడం. వదిన అంటే గడ్డం మీద పుట్టుమచ్చ ఉన్నచోట వేలు ఆనించడం. మందు అంటే బొటనవేలిని నోటివైపు వంచడం. రానురానూ ఆ ఇంట్లో ఈ చివరి సైగకే పని ఎక్కువైంది.

అన్నదమ్ములిద్దరూ తాగేవాళ్ళు. ఒకే సీసా, రెండు గ్లాసులు. రెండేళ్ళ కిందట ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం పెద్దవాడు ఇంటి ముందు మెట్టు మీదే పోయాడు. పిల్లలు లేరు. మిగిలింది ఆమె, వెనకగదిలో మరిది. ఆ రోజునుంచీ ఇద్దరి మధ్యా మూడు సైగలే నడిచాయి: తిను, తాళం, నీళ్ళు వస్తున్నాయి. అంతకుమించి ఒక్క వేలు కదిలేది కాదు. ఇద్దరిలో పోవాల్సినవాడు పోలేదని ఆమె లోపల్లోపల అనుకునేది. పైకి అనేసినా అతనికి వినపడేది కాదు, అయినా అనలేదు.

మరిది ఒక బైండింగ్ షాపులో కాగితం కోసే మిషన్ మీద ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. చేయి పొడుగు కత్తి ఉంటుంది దానికి. జానెడు మందం కట్ట కింద పెట్టి బిగించి మీట లాగితే, వెన్నముద్ద తెగినట్టు తెగుతుంది. అతను కోసిన పుస్తకం అంచు మీద వేలు రాస్తే అద్దం తగిలినట్టుండేది. వేల పుస్తకాలు కోశాడు, ఒక్కటీ చదవలేడు. అన్న పోయాక తాగుడు రెట్టింపైంది. ఒకరోజు పొద్దున్నే తాగి మిషన్ మీదికెక్కి, ఎడమచేతి చిటికెన వేలి కొన కోసుకున్నాడు. ఓనరు అతన్ని మిషన్ మీదినుంచి దింపి, జిగురు డబ్బాల దగ్గర కూర్చోబెట్టాడు. తర్వాత వదినకి కబురు పెట్టాడు.

"అమ్మా, చెయ్యి మంచిదే. కాదనను. కానీ ఆ చెయ్యి నా మిషన్లో ఉండిపోతే నేను పోయి జైల్లో ఉండాలి. సైకిలు షాపు మేడమీద తాగుడు మానేవాళ్ళ గుంపు ఒకటుంది, ఆదివారం ఆదివారం కూర్చుంటారు. పన్నెండు వారాలు వెళ్ళి, మాస్టారి చేత కార్డు మీద పన్నెండు సంతకాలు పెట్టించుకుని రమ్మను. మిషన్ ఇచ్చేస్తాను."

"వాడికి వినపడదు కదండీ, వెళ్ళి ఏం చేస్తాడు?"

"నీకు వినపడుతుందిగా?"

ఎదురింటి దర్జీ ఆవిడ ఆశ్చర్యపోయింది. "నువ్వు తీసుకెళ్తావా? వాడి మొహం చూస్తేనే నీకు ఒళ్ళు మంట కదే వదినా!"

"మంటే. కానీ ఇంకో శవాన్ని ఈ గడప దాటించే ఓపిక నాకు లేదు. అదొక్కటే లెక్క," అంది వదిన.

మొదటి ఆదివారం పొద్దున పదింటికి ఇద్దరూ ఆ ఇరుకు మెట్లెక్కారు. మెట్ల నిండా ట్యూబులకేసే అతుకుల వాసన. పైన ఒక గది, గుండ్రంగా వేసిన తొమ్మిది ప్లాస్టిక్ కుర్చీలు, ఎవరో కాలితో తన్నినట్టు కొట్టుకుంటూ తిరిగే ఒక ఫ్యాను. మాస్టారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. తాగుడు మాని పదకొండేళ్ళయినా మెడలో విజిల్ మాత్రం మానలేదు. ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. తలుపు గడియ పడగానే మాస్టారు విజిల్ మెల్లగా ఊదుతాడు. అందరూ కళ్ళు మూసుకోవాలి. ఒకరి తర్వాత ఒకరు తమ సంగతి చెప్పుకోవాలి. మళ్ళీ విజిల్ పడేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు, మధ్యలో మాట్లాడకూడదు.

"కళ్ళు తెరిచి ఉంటే మనిషి ఎదుటివాడి మొహం చూసి మాట మార్చేస్తాడమ్మా. మూసుకుంటే ఉన్నదున్నట్టు బయటికొస్తుంది. పదకొండేళ్ళుగా ఇదే రూలు," అన్నాడు మాస్టారు.

"మా వాడికి వినపడదు మాస్టారూ. నేను చేత్తో చెప్పాలి."

"చెప్పుకో తల్లీ, ఎవరొద్దన్నారు? మేం కళ్ళు మూసుకునే ఉంటాంగా."

ఆయన అక్కడితో వదిలేశాడు. చేత్తో చెప్పాలంటే చెప్పేవాళ్ళూ చూసేవాళ్ళూ కళ్ళు తెరిచే ఉండాలన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. కళ్ళు మూసుకున్నవాడికి లోకమంతా మూసుకున్నట్టే ఉంటుంది.

మూడు ఆదివారాలు బాగానే జరిగింది. లారీ డ్రైవరు చెప్పాడు, గడియారాలు బాగుచేసే ఆయన చెప్పాడు, ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ చెప్పింది. వదిన చేతులు ఆగకుండా తిరిగాయి. మరిది రెప్ప వాల్చకుండా చూశాడు. ఆమె చేతులే కాదు, అందరి మొహాలూ చూశాడు. ఇంటికి వస్తూ దారిలో డ్రైవరుకి స్టీరింగు తిప్పి ఉమ్మడం, మాస్టారికి బుగ్గలు ఉబ్బించడం, గడియారాలాయనకి ఒక కన్ను మూసి ఇంకో కన్ను చికిలించడం పేర్లుగా పెట్టాడు. గడియారాలాయన కళ్ళు మూసుకుని ముక్కులో వేలు పెట్టుకున్న వైనం చేసి చూపిస్తే, రెండేళ్ళ తర్వాత వదినకి నవ్వు రాబోయింది. కొంగు అడ్డం పెట్టుకుని ముందుకి నడిచింది. ఆ మూడు వారాలూ మరిది సీసా ముట్టలేదు.

నాలుగో ఆదివారం డ్రైవరు తన తల్లి సంగతి ఎత్తాడు. లారీ తాళాలు దాచేసిందని ఆమెని కొట్టాడట. ఎలా కొట్టాడో చెబుతూ చెబుతూ ఏడుపు తన్నుకొచ్చి, కళ్ళు తుడుచుకోబోయి తెరిచేశాడు. ఎదురుగా ఒక మగవాడు అతని మొహంలోకే చూస్తున్నాడు. పక్కన ఒక ఆడమనిషి గాలిలో ఎవరినో కొడుతోంది.

"ఏయ్! ఏంటిది?" డ్రైవరు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "మాస్టారూ, కళ్ళు తెరవండి. చూడండి వీళ్ళని! గుడ్లప్పగించి కూర్చున్నారు ఇద్దరూ. నేను మా అమ్మని కొట్టింది ఈవిడ నాకే నాటకమాడి చూపిస్తోంది!"

"కొట్టానన్నావు, కొట్టాడని చెప్పాను. ముద్దుపెట్టుకున్నాడని చెప్పమంటావా?" అంది వదిన.

"నాలుగు వారాలనుంచీ ఇలాగే చూస్తున్నారా మమ్మల్ని?" గడియారాలాయన గబుక్కున చెయ్యి ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, మళ్ళీ కిందికి దించేశాడు. "అయినా చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం లాభమండీ?"

"ఊదేదాన్ని నేను. మీ బుగ్గలకేం నొప్పి?"

అప్పటిదాకా తల వంచుకుని ఉన్న నర్సమ్మ మెల్లగా అంది. "నొప్పి ఉందండీ. ఆస్పత్రి బీరువాలోంచి మత్తు సూదులు ఎత్తుకెళ్ళి వేసుకున్నానని చెప్పాను. ఎవరూ చూడట్లేదన్న ధైర్యంతో చెప్పాను. మీరు నా మొహం చూస్తూ విన్నారు. రేపు బజార్లో ఎదురుపడితే నేను ఎటు తిరగాలి?"

వదిన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

మాస్టారు విజిల్ ఊదాడు, ఎవరూ మాట్లాడకపోయినా. "చూడమ్మా. తాగనివాళ్ళు ఈ గదిలో ఉండకూడదు. నిన్ను రానివ్వడం నా తప్పు. అతను రావచ్చు. అందర్లాగే కళ్ళు మూసుకుని కూర్చోవాలి. రూలంటే అందరికీ ఒక్కటే."

"ఒక్కటి ఎలా అవుతుంది మాస్టారూ? మీరు కళ్ళు మూసుకుంటే చెవులుంటాయి. వాడు మూసుకుంటే వాడికేముంటుంది?"

"నమ్మకం ఉంటుంది."

"నమ్మకంతో వినపడుతుందా?"

"కాగితం మీద రాసి ఇస్తే?" అంది నర్సమ్మ.

"చదవడం రాదు."

మరిది ఒకరి మొహంలోంచి ఇంకొకరి మొహంలోకి చూస్తున్నాడు. ఏమైందని వదిన మోచేయి తట్టి అడిగాడు. ఆమె పట్టించుకోలేదు. ఆమెకి అప్పుడు కార్డు ఒక్కటే కనిపించింది. మూడు సంతకాలున్నాయి, ఇంకా తొమ్మిది కావాలి.

"వచ్చి కూర్చుంటే సంతకం పెడతారా?" అని అడిగింది.

"వచ్చి కూర్చుంటే పెడతాను."

"మీ కాళ్ళకి దండం పెడతాను, పెట్టండి. వాడికి మిషన్ దక్కాలి."

అలా ఒప్పుకుని నాలుగో సంతకం పెట్టించుకుని దిగింది. చదువు లేకపోయినా బేరం తెలిసినదాన్నని ఆమెకి ఒక నమ్మకం. ఏది కొంటోందో చూసుకోలేదు. మరిదికి ఇంటి దగ్గర నాలుగు సైగల్లో తేల్చేసింది: వెళ్ళు, కూర్చో, కళ్ళు మూసుకో, వచ్చెయ్. ఎందుకని అడిగాడు. మిషన్, అంది. ఆమె చేత్తో కత్తి దిగినట్టు చూపించేసరికి అతని మొహం విప్పారింది. ఇంకేం అడగలేదు.

అయిదో వారంనుంచీ అతను ఒక్కడే మేడెక్కేవాడు. ఆమె కింద సైకిలు షాపు ముందు, పంక్చర్ల నీళ్ళ తొట్టి పక్కన నిలబడేది. గంటకి దిగేవాడు. కార్డు చూపించేవాడు. సంతకం ఉండేది. మొదట్లో కునుకు తీశానని చెప్పి నవ్వాడు. ఏడో వారం నవ్వలేదు. ఆ సాయంత్రం అతను వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మనిషికంటే ముందు వాసన వచ్చింది. బొటనవేలు నోటివైపు వంచి, తానే ఒప్పుకున్నాడు. తర్వాత ఇంకో సంగతి చెప్పాడు. రెండు కళ్ళూ మూసుకున్నాడు, తెరిచాడు, మీసం మెలేశాడు. కళ్ళు మూసుకుంటే అన్న వస్తున్నాడు. గంటసేపూ వస్తున్నాడు. మీకందరికీ ఏదో వినపడుతుంది, నాకు చీకటి ఒక్కటే, ఆ చీకట్లో అన్న మెట్టు మీద కూర్చుని ఉంటాడు. దిగి రాగానే తాగకపోతే ఉండలేకపోతున్నాను.

వదిన మొహం పొయ్యివైపు తిప్పేసుకుంది.

అతనితో మాట వద్దనుకుంటే ఆమె అరవక్కర్లేదు, తిట్టక్కర్లేదు. మొహం తిప్పుకుంటే చాలు, అతని నోరు మూసుకుపోతుంది. ఆ కిటుకు ఆమెకి రెండేళ్ళుగా అలవాటే. అతను ఆమె వీపు చూసి వెళ్ళిపోయాడు. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. సంతకాలు వరసగా పడ్డాయి. సీసాలూ పడ్డాయి. మాస్టారికి వాసన తెలియలేదా అంటే, అతను పొద్దున తాగేవాడు కాదు. దిగాక తాగేవాడు. దాని గురించి అతన్ని ఎవరూ అడగలేదు. ఏ భాషలో అడుగుతారు?

పన్నెండో ఆదివారానికి ముందురోజు ఓనరు సందు చివర ఎదురై చాలా సంబరంగా చెప్పాడు. "మిషన్‌కి నూనె పెట్టించాను. కత్తి సానబట్టించాను. సోమవారం పొద్దున ఎక్కేస్తాడు మనవాడు. మొత్తానికి సాధించావమ్మా!"

ఇంటికి వచ్చేసరికి మరిది మంచినీళ్ళు తాగుతున్నాడు. గ్లాసు పళ్ళకి తగిలి టకటకమంటోంది. ఆ చప్పుడు అతనికి తెలియదు. ఆమెకి తెలుస్తోంది. గ్లాసు దించాక కూడా కుడి చెయ్యి వణుకుతూనే ఉంది. వదిన ఆ చేతినే చూసింది. తనే కాళ్ళు పట్టుకుని, బతిమాలి, ఒక్కొక్క సంతకమే పోగుచేసి ఆ చేతిని తీసుకెళ్ళి కొత్తగా సానబట్టిన కత్తి కింద పెడుతోంది. ఒక శవం వద్దనుకుని ఇంకో శవానికి తయారీ తనే చేస్తోంది.

ఆదివారం అతని వెనకే మెట్లెక్కింది. గడియ పడబోతుంటే తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"ఈ వారం సంతకం పెట్టకండి."

మాస్టారు విజిల్ నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు. "పెట్టమని కాళ్ళు పట్టుకున్నది నువ్వే కదమ్మా!"

"పట్టుకున్నాను. గడ్డి తిన్నాను. వాడు తాగుతున్నాడు. ఏడో వారంనుంచీ, మీరు కళ్ళు మూయించి పంపిన ప్రతి ఆదివారం తాగుతున్నాడు."

"మాకేం చెప్పలేదే!" అన్నాడు గడియారాలాయన.

"మీరు ఊదిన శంఖం వాడికి వినపడలేదు, వాడు ఊదింది మీకు వినపడలేదు. సరికి సరి."

మరిదికి ఆమె పెదవులు అందలేదు గానీ, రాగానే తను ఇచ్చిన కార్డుని మాస్టారు జేబులో పెట్టేసుకోవడం కనిపించింది. ఏం చెప్పావని అడిగాడు. ఆమె ఈసారి మొహం తిప్పుకోలేదు. చెప్పింది: నువ్వు తాగుతున్నావని చెప్పాను. మిషన్ లేదు.

అతని కుర్చీ గోడకి తగిలి కిందపడింది. గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. ఆ గదిలో పన్నెండు వారాలుగా ఆ గొంతు ఎవరూ వినలేదు. ఎత్తూ పల్లం లేని ఆ అరుపుకి కింద సైకిలు షాపులో సుత్తి దెబ్బలు కూడా ఆగాయి. తర్వాత అతని చేతులు అందుకున్నాయి. తెగిన చిటికెన వేలితో సహా పది వేళ్ళూ ఆమె మొహం మీదికి వచ్చి వచ్చి పోతున్నాయి. వదిన రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏమంటున్నాడు?" అన్నాడు డ్రైవరు.

ఆమె కొంగు నడుముకి దోపుకుంది.

"ఏమంటున్నాడమ్మా? మా అందరి బాగోతాలూ పొల్లు పోకుండా వాడికి చేరేశావుగా. వాడిది మాకు చెప్పడానికి నోరు రాదా?"

ఆ గదిలో ఆ చేతుల భాష తెలిసింది ఆమెకి ఒక్కదానికే. ఏం చెప్పినా చెల్లుతుంది. "మిషన్ కావాలంటున్నాడు," అంది.

"ఓస్, అంతేనా," అని డ్రైవరు కుర్చీలో వెనక్కి వాలాడు.

ఇరవై రెండేళ్ళు వెంట్రుక వాసి తేడా పట్టుకుంటూ బతికినవాడు మరిది. తను చెప్పిన మాట విన్నవాడు అలా తేలిగ్గా వెనక్కి వాలకూడదు. ఆమె అబద్ధం చెప్పిందని అతనికి డ్రైవరు వాలిన తీరే చెప్పేసింది. కాలితో నేలని ఒక్క తన్ను తన్ని, ఈసారి ఆమెకి కాదు, అందరికీ తిరిగి, నిదానంగా, పెద్దగా చేసి చూపించాడు. మీసం మెలేశాడు. పిడికిలితో గాలిలో కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, మళ్ళీ. తన రెండు చెవులూ పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. వేలు గడ్డం మీద ఆనించి, ఆ వేలిని వదినవైపు చాచి, తన చెవి చూపించాడు.

"తలుపా? ఎవరో తలుపు కొట్టారంటున్నాడా?" అన్నాడు మాస్టారు.

వదిన పడిపోయిన కుర్చీని లేపి నిలబెట్టింది. దాని వీపు పట్టుకుని నిలబడింది. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది, అతని చేతులు ఎంత నడిస్తే అంతే.

"అన్న తలుపు కొట్టాడు. నాకు వినపడలేదు. నీకు వినపడింది. నేను వెనకగదిలోంచి వచ్చేసరికి నువ్వు తలుపుకెదురుగా నేలమీద కూర్చుని ఉన్నావు. తలుపునే చూస్తున్నావు. ఎవరైనా తలుపుని ఊరికే చూస్తారా? ఏంటని అడిగాను. ఏం లేదన్నావు. తినమని కంచం పెట్టావు. నేను తిన్నాను. రెండోసారి కూడా పెట్టించుకున్నాను. నేను తింటుంటే మా అన్న ఆ ఎండలో మెట్టు మీద పోయాడు."

గదిలో ఒకరి తర్వాత ఒకరికి కళ్ళు మూతపడ్డాయి. విజిల్ పడలేదు. పదకొండేళ్ళ అలవాటు, ఎవరైనా ఇలాంటిది చెబితే రెప్పలు వాటంతటవే దిగిపోతాయి.

"ఎవరు మూసుకోమన్నారు మిమ్మల్ని?" అని అరిచింది ఆమె. "తెరవండి! వాడు మీ పాపాలన్నీ కళ్ళు తెరుచుకుని చూశాడని గోలపెట్టారే. ఇప్పుడు నాది చూడండి. చూడలేరా?"

తెరిచారు. గడియారాలాయన ఒక్కడు తెరవలేదు.

అప్పుడు ఆమె కుర్చీ వదిలేసి, నోటితోనూ చేతులతోనూ ఒకేసారి చెప్పింది, మరిదికి ఎదురుగా నిలబడి. "వినపడింది. తొమ్మిదిసార్లు కొట్టాడు. మొదట గట్టిగా, తర్వాత మెల్లగా. తాగొస్తే తలుపు తియ్యనని ఆ పొద్దునే ఒట్టు పెట్టుకున్నాను. చప్పుడు ఆగిపోతే, పోయి ఎక్కడో పడుకున్నాడులే అనుకున్నాను. నువ్వు చూశావని నాకు తెలుసు. అందుకే రెండేళ్ళనుంచి నీ మొహం చూడలేకపోతున్నాను. నీ తాగుడు చూడలేక కాదు."

మరిది అంతా చూశాడు. అతని మొహం కరగలేదు. దగ్గరికి రాలేదు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో దానికి అర్థం ఒక్కటే, ఇక నీతో మాట్లాడను.

నర్సమ్మ సంచీ తీసుకుని లేచింది. "నేనింక రాలేనండీ. మీరు చెప్పింది తప్పని కాదు. కళ్ళు తెరిచి ఉన్న గదిలో నేను చెప్పలేను." ఆమె మెట్లు దిగిపోయింది. తర్వాత ఆమె ఎక్కడికి వెళ్ళిందో, ఎవరికి చెప్పుకుందో ఆ గుంపులో ఎవరికీ తెలియదు. ఆ దిగులు వదినకి ఇప్పటికీ ఉంది.

మాస్టారు జేబులోంచి కార్డు తీసి, అయిదునుంచి పదకొండు దాకా వేలితో లెక్కపెట్టాడు. "ఏడు. ఏడు దొంగ సంతకాలు పెట్టాను. పిల్లల చేత గుంజీలు తీయించినవాణ్ణి నేను." కార్డు నాలుగు ముక్కలు చేశాడు. వదినవైపు మాత్రం ప్రేమగా ఏమీ చూడలేదు. "రూలు మార్చడం నాకిష్టం లేదు. నీ వల్ల మంచి మనిషి ఒకావిడ వెళ్ళిపోయింది, అది గుర్తుంచుకో. మూసుకోవాలనుకున్నవాళ్ళు మూసుకుంటారు. మాట్లాడేవాడు మాత్రం అతనికెదురుగా కుర్చీ వేసుకోవాలి. నువ్వు ఆ కుర్చీ పక్కన నిలబడు. వచ్చే వారం ఒకటినుంచి మొదలు."

సోమవారం మిషన్ దక్కలేదు. ఓనరు నెత్తి కొట్టుకున్నాడు. "సానబట్టించాక చెప్తావా?" మరిది మళ్ళీ జిగురు డబ్బాల దగ్గర కూర్చున్నాడు. ఇంట్లో ఆమె పెట్టిన కంచం ముట్టలేదు. బజార్లో రొట్టె కొనుక్కుని గుమ్మంలో నిలబడి తిన్నాడు, ఆమెకి కనపడేలా. అయిదో రోజున తాగొచ్చాడు. తలుపు కొట్టాడు. ఆమె తీసింది. తీసినందుకు అతను మెచ్చుకోలేదు, తీశానని ఆమె చెప్పుకోలేదు. ఎవరి గదికి వాళ్ళు వెళ్ళారు.

ఆదివారం వస్తాడని ఆమె అనుకోలేదు. పదింటికి పది నిమిషాల ముందు చెప్పులేసుకుని బయలుదేరాడు. వీధికి అటు పక్కన అతను, ఇటు పక్కన ఆమె. దర్జీ ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏంటే, ఇద్దరూ చెరో ఊరికి పోతున్నట్టు!" అని అరిచింది.

గదిలో కుర్చీలు ఎనిమిదున్నాయి. డ్రైవరు తన కుర్చీని నేలమీద బరబరా ఈడ్చుకొచ్చి మరిది మోకాళ్ళకి తగిలేంత దగ్గరగా వేశాడు.

"ఎక్కడ ఆపాను? మా అమ్మ దగ్గర. చెప్పమ్మా వాడికి. ఒక్క ముక్క మింగావంటే ఊరుకోను. వాడి మొహం చూస్తూనే చెప్తాను, మింగితే తెలిసిపోతుంది నాకు."

"మింగను. నువ్వు మింగకుండా ఉంటే చాలు," అంది వదిన.

డ్రైవరు చెప్పాడు. తాళాలు దాచింది, అడిగితే ఇవ్వనంది, చెంప మీద కొట్టాను, కిందపడింది. వదిన చేతులెత్తి చూపించింది. మరిది ఆమె మొహంవైపు చూడలేదు, చేతులే చూశాడు. కొట్టిన చోటికి వచ్చేసరికి అరచెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఏదో అడిగాడు. ఆమె అర్థం కానట్టు చూస్తే మళ్ళీ అడిగాడు, తన కుడి చెయ్యి ఒకసారి, ఎడమ చెయ్యి ఒకసారి ఎత్తి.

పదకొండేళ్ళలో ఆ గదిలో ఎవరినీ ఎవరూ ఏదీ అడిగి ఎరగరు. మాస్టారి చెయ్యి విజిల్ మీదికి వెళ్ళింది గానీ, ఊదలేదు.

"ఏంటంట?" అన్నాడు డ్రైవరు.

"ఏ చేత్తో కొట్టావని అడుగుతున్నాడు."

డ్రైవరు తిట్టబోయినట్టు నోరు తెరిచాడు. తర్వాత ఒళ్ళో ఉన్న తన రెండు చేతులూ చూసుకున్నాడు.

"కుడి చేత్తో," అన్నాడు. వదిన ఇంకా చెయ్యి ఎత్తకముందే, తనే ఆ చేతిని పైకెత్తి మరిదికి చూపించాడు.